కూతకు జత

మొన్న మా మనవరాలి స్కూల్లో కబడ్డీ పోటీలు జరిగాయి. తాతా, నువ్వు రావాల్సిందేనని చేయి పట్టుకొని లాక్కుపోయింది. ఇప్పటి కబడ్డీ చూస్తే నాకు నవ్వొస్తుంది. కింద రబ్బరు పరుపులు, మోకాళ్లకు తొడుగులు, గట్టు మీద వరసగా రంగు రంగుల నీళ్ల సీసాలు. నోట్లోకి మట్టి పోకుండా ఆడేది కూడా ఒక ఆటేనా అనుకున్నాను. సరే, ఆ సంగతి వదిలేద్దాం, ముసలాడి సణుగుడు ఎవరికి కావాలి? ఆటకంటే ఎక్కువగా నాకు చిరాకు తెప్పించింది చుట్టూ మూగిన తల్లిదండ్రులు. ఒకాయన "కాలు పట్టు, కాలు పట్టు" అని గొంతు చించుకుంటున్నాడు. ఆయన కూతురు ఆ కేకలకే బెదిరిపోయి పట్టాల్సిన కాలు వదిలేసింది. ఒకావిడ ఫోను ఎత్తిపట్టి, ఎదురుగా జరిగే ఆటను ఆ ఫోనులోనే చూస్తోంది. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఊరికే అన్నారా!

వాళ్లను మనసులో వెక్కిరించుకుంటూ కూర్చున్నానా, ఇంతలో మా పిల్ల కూతకు పోయింది. ఆ సన్నటి గొంతు "కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి గడిలోకి పోవడం చూడగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి బయటికి వచ్చేసి, గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూలబడ్డాను. కాసేపటికి నా కూతురు వెతుక్కుంటూ వచ్చింది.

"ఏంది నాన్నా, పిల్ల ఆడతాంటే లేచొచ్చినావు?"

"ఎండ" అన్నాను.

ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బు. అది నా కూతురు గమనించకుండా ఉండదు. కానీ ముసలాళ్ల అబద్ధాలకు పిల్లలు అలవాటు పడిపోయి ఉంటారు కదా, తిరిగి లోపలికి పోయింది. నేను అక్కడే కూర్చొని మా నాయనను తలుచుకున్నాను.

మాది పలకల ఊరు. దేశంలో ఏ మూల పిల్లకాయ అక్షరాలు దిద్దినా అది మన ఊరి రాయి మీదేనని పెద్దవాళ్లు మీసం దువ్వేవాళ్లు. ఆ పలకలు చేసే ఇళ్లలో పుట్టిన మాకు మాత్రం మూల విరిగినవే దక్కేవి. నాలుగు మూలలూ ఉన్న పలక మీద నేను ఏనాడూ రాయలేదు. అప్పటికి మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. కొత్తగా రాష్ట్రం వచ్చిందని, ఇక అన్నీ మనవేనని బజారులో మాట్లాడుకునేవాళ్లు. మా అవ్వ మాత్రం "రాష్ట్రమొస్తే వాన గూడా వస్తాదా?" అని అడిగేది.

నాయన పలకల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పనిచేసేవాడు. గని నుంచి బండ్ల మీద వచ్చిన రాతి పెళ్లలను గిర్రున తిరిగే చక్రానికి ఆనించి కొలతకు కోయాలి. రాయి కోస్తుంటే లేచే దుమ్ములో ఎదుటి మనిషి కనపడడు. సాయంత్రం నాయన ఇంటికి వస్తే కనుబొమలు, మీసాలు, చెవుల మీద వెంట్రుకలు అన్నీ బూడిద రంగే. "అదిగో, మీ తాత వచ్చినాడు" అని అవ్వ నన్ను ఆటపట్టించేది. నాయన చొక్కా విప్పి దడి దగ్గర వంగి కూర్చుంటే, అమ్మ నీళ్లు పోసేలోపు నేను ఆయన వీపు మీది దుమ్ములో వేలితో అక్షరాలు రాసేవాణ్ణి. ఆయనకు చదువు రాదు. అయినా "ఏం రాసినావు?" అని అడిగేవాడు. "నీ పేరు" అనేవాణ్ణి. నిజానికి ఒక్కోసారి గాడిద అని రాసేవాణ్ణి. అమ్మ నీళ్లు పోయగానే అదీ ఇదీ అన్నీ కారిపోయేవి. తడిసిన రాతివాసన దడి చుట్టూ కాసేపు ఉండి పోయేది.

స్నానం చేయగానే నాయన నోట్లో ఒక బెల్లంముక్క వేసుకునేవాడు. ఫ్యాక్టరీ శెట్టిగారు శనివారం శనివారం పనివాళ్లకు కూలితోపాటు తలా ఒక అచ్చుబెల్లం ఇచ్చేవాడు. రొమ్ములో చేరిన దుమ్ము బెల్లానికి అంటుకొని కడుపులోకి జారిపోతుందని మా ఊరంతటికీ నమ్మకం. ఆ శెట్టిగారు మంచివాడే, ఆయనా నిజంగా నమ్మే ఇచ్చేవాడు. నేను ఆ బెల్లం దొంగిలించి, చెనక్కాయలతో కలిపి నమిలేవాణ్ణి. దొరికితే అవ్వ చెవి మెలిపెట్టేది.

"అది మీ నాయన రొమ్ములో దుమ్ము దిగేదానికిరా సచ్చినోడా, నీ నాలిక్కి కాదు!"

అన్నం పోయే దారి వేరు, గాలి పోయే దారి వేరు అని సైన్సు అయ్యవారు ఒకరోజు బోర్డు మీద బొమ్మ వేసి చూపించాడు. ఇంటికి వచ్చి అవ్వతో చెప్పాను. అవ్వ అలసందలు ఒలుస్తూ, "ఆ బొమ్మ గీసినాయన పలకల ఫ్యాక్టరీలో ఎన్నాళ్లు పనిచేసినాడంట?" అంది. సాయంత్రం నాయన ఎప్పటిలాగే కళ్లు మూసుకొని బెల్లం చప్పరిస్తున్నాడు. ఆయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు నుంచి ఆ బెల్లం దొంగిలించాలని కూడా అనిపించలేదు.

మా నాయన కుర్రతనంలో చెడుగుడు ఆటగాడు. అట్లాంటి ఇట్లాంటి ఆటగాడు కాదు. చుట్టుపక్కల తిరునాళ్లన్నిటికీ పిలిపించుకునేవాళ్లు. "మీ నాయన కూతకు పోతే మేము చుట్ట ముట్టించుకునేవాళ్లంరా, ఆయన వచ్చేసరికి సగం కాలిపోయేది" అని ఒక ముసలాయన ఎప్పుడు కనపడినా చెప్పేవాడు. చెడుగుడులో బలం ఉంటే చాలదు. ఒక్క ఊపిరి మీద "చెడుగుడుగుడుగుడు" అంటూ అవతలి గడిలోకి పోయి, వాళ్లను తాకి, ఆ ఊపిరి తెగకముందే గీత దగ్గరికి తిరిగి రావాలి. ఆ ఊపిరి మీద నడిచే పాటనే మేము కూత అనేవాళ్లం. కూత తెగిందా, మనిషి ఔటు.

నాకు కూత నేర్పింది నాయనే. ఆదివారం ఏసయ్య గుడిలో ప్రార్థన అయిపోయి, ఇంటికి వచ్చి కొర్రన్నం, గోంగూర తిన్నాక, ఇద్దరం ఊరికి ఎడంగా ఉన్న మా పల్లె నుంచి చింతతోపు దాకా బండిబాట మీద నడిచేవాళ్లం. ఇద్దరం ఒకేసారి ఊపిరి పీల్చుకొని ఒకేసారి కూత మొదలుపెట్టాలి. ఎవరి కూత ముందు తెగితే వాళ్లు ఓడినట్టు. దాన్ని ఆయన "జత కట్టడం" అనేవాడు. "గొంతుతో అరవమాక, పెదాల మీద ఆడించు. ఊపిరిని కోమటాయన కొలిచినట్టు కొలిచి వాడుకోవాల" అని చెప్పేవాడు. మొదట్లో నా కూత తెగిపోయి నేను దగ్గుతూ నిలబడితే, ఆయన కూత పెట్టుకుంటూనే వంకర తిరిగిన తుమ్మచెట్టు దాటిపోయి, అక్కడ నుంచి తిరిగి చూసి నవ్వేవాడు.

తర్వాత ఒక ఆదివారం ఆయన కూత ముందు తెగింది. నేను ఎగిరి గంతేశాను. "నాయనా ఓడిపోయినావ్! నాయనా ఓడిపోయినావ్!" అని పల్లె అంతా చాటింపు వేశాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని అవ్వ నన్ను దగ్గరికి తీసుకుంది. నాయన కూడా నవ్వాడు. నవ్వుతూ దగ్గి, దగ్గుతూ మోకాళ్ల మీద చేతులు ఆనించుకొని నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నేనే గెలుస్తూ వచ్చాను. ఆయన ఆగిపోయే చోటు తుమ్మచెట్టుకు ఇవతలికి వచ్చింది, తర్వాత పాస్టరుగారి దొడ్డి దగ్గరికి వచ్చింది, చివరికి మా దడి దాటీ దాటగానే ఆగిపోయేవాడు. నేను పెద్దవాణ్ణి అవుతున్నానని అనుకున్నాను. పిల్లల బుద్ధి అంతే.

నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి స్కూలు చెడుగుడు జట్టులో కూతకు పోయేది నేనే. మా డ్రిల్లు మాస్టారు గుంటూరు వైపు మనిషి. "వెళ్లావా, వచ్చావా" అనే ఆయన మాటలకు మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆయన ఒక సాయంత్రం మా పల్లెకే వచ్చాడు. అయ్యవారు మా ఇంటికి రావడమంటే కలెక్టరు వచ్చినట్టే. అమ్మ మంచం మీద దుప్పటి పరిచింది. ఆయన కూర్చొని నాయనతో సూటిగా చెప్పాడు.

"చుట్టుపక్కల తాలూకాల పోటీల్లో మన జట్టు గెలిస్తే కర్నూలు తీసుకెళ్తాను. అక్కడి హాస్టలు వార్డెను నా స్నేహితుడు. మంచి ఆటగాడైతే సీటు ఇస్తానన్నాడు. తిండి, బట్ట, పైచదువు అన్నీ వాళ్లే చూసుకుంటారు. గెలిస్తేనే సుమా!"

ఆ మాటకు నాయన కళ్లు ఎట్లా వెలిగాయో నాకు ఇప్పటికీ గుర్తుంది. దానికి కారణం ఉంది. అంతకు కొద్దిరోజుల ముందే శెట్టిగారు నాయనతో అన్నాడట: "నీకు చేతకావడం ల్యా, చూస్తనే ఉన్నా. నీ కొడుకును పంపురా. కోత కాదులే, చట్రాలు బిగించే పని ఇస్తా." ఆయన దయతోనే అన్నాడు. చట్రాలు బిగించేది కూడా ఆ దుమ్ములోనే. ఆ రోజు నాయన సంగటిముద్ద ముట్టకుండా, "వాడు మాత్రం అందులోకి రాడు" అని అమ్మతో అన్నాడు. మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ అంతకుముందే ఆ పని మానుకోమని చెప్పింది. "మానుకుంటే తినేదేంది తల్లీ?" అని నాయన అడిగితే ఆమె దగ్గుమందు రాసిచ్చింది. కాబట్టి ఇక దారి ఒకటే. మేము గెలవాలి. గెలిస్తే నేను కర్నూలుకు, లేకపోతే దుమ్ములోకి.

మొదటి ఆట కంభం వాళ్లతో. మా స్కూలు మైదానంలోనే. పిల్లల ఆట చూడటానికి పెద్దవాళ్లు రావడం అప్పట్లో అంతగా లేదు. వచ్చేది ఇద్దరే. ఒకరు మా శెట్టిగారు. ఆయన కొడుకు మా జట్టులోనే ఉన్నాడు. ఆ అబ్బాయి ఎక్కడ చెయ్యి విరగ్గొట్టుకుంటాడోనని ఆయన దుకాణం వదిలేసి, కుర్చీ వేయించుకొని, గొడుగు కింద కూర్చునేవాడు. వాళ్లమ్మ పంపిన మజ్జిగ చెంబు కుర్చీ కింద. అందరూ "పో, పట్టు" అంటుంటే ఆయన ఒక్కడూ "నాయనా, ముందుకు పోవద్దురా! ఎనకనే ఉండు, ఎనకనే ఉండు!" అని అరిచేవాడు. డ్రిల్లు మాస్టారు తల పట్టుకునేవాడు.

రెండో మనిషి మా నాయన. ఒక పూట కూలి పోగొట్టుకొని మరీ వచ్చాడు. శెట్టిగారికి దూరంగా, గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. అరవడం లేదు, చప్పట్లు లేవు. నేను కూతకు పోయి, తిరిగి గీత తాకి చూస్తే, నాయన గట్టు మీద ఒక చేయి ఆనించి వంగిపోయి ఉన్నాడు. తువ్వాలు నోటికి అడ్డం. మేము గెలిచాం. ఇంటికి పోయే దారిలో నాయన నా వెనక ఎంతో దూరంలో నడిచాడు. నేను గెలిచిన ఊపులో ఉన్నాను, వెనక్కి తిరిగి చూస్తే గదా!

మర్నాడు అమ్మ పొయ్యి ఊదుతూ నన్ను దగ్గరికి పిలిచింది.

"నీకొక మాట చెప్తా. మీ నాయనకు చెప్పమాక. నువ్వు కూతకు పోతే ఆయన గూడా గట్టు మీద కూచొని నీతో జత కడతాండాడు."

"నేనడగలేదే?"

"నువ్వడగాల్నా? నీ ఊపిరి తెగేదాకా ఆయన బిగబట్టుకుంటాడు. నువ్వు గీత తాకితేగానీ ఆయన గాలి పీల్చుకోడు. నిన్న వచ్చినకాడ్నించి నడుం వాల్చలేదు, గోడకానుకొని కూచోనే ఉండాడు. నువ్వైనా చెప్పు, రావద్దని."

చెప్పాను. "నువ్వొస్తే నాకు సిగ్గు నాయనా, రావద్దు" అన్నాను. ఇంకెట్లా చెప్పాలో తెలియలేదు. ఆయన నవ్వి, "గట్టు మీద కూచుంటే నీకేం బరువురా?" అన్నాడు.

రెండో ఆట ఎర్రగొండపాలెం వాళ్లతో. గీత మీద నిలబడి చూస్తే నాయన గట్టు మీద సిద్ధంగా ఉన్నాడు. నేను ఊపిరి పీల్చుకుంటే ఆయన రొమ్ము కూడా లేచింది. కూత మొదలుపెట్టాను. అవతలి గడిలో ఏడుగురు ఉన్నారు, వాళ్ల కాళ్లు చూసుకోవాలి, చేతులు చూసుకోవాలి. నేను వాళ్లను చూడటం మానేసి నాయన పెదాలు చూస్తున్నాను. అవి కదులుతున్నాయి. ఎక్కడ ఆగిపోతాడో నాకు తెలుసు, ఇన్ని ఆదివారాలు పక్కన నడిచినవాణ్ణి. ఆయన మెడనరాలు ఉబ్బడం చూసి, ఎవర్నీ తాకకుండానే గబుక్కున వెనక్కి వచ్చి గీత తాకాను. ఆయన గాలి పీల్చుకున్నాడు. మళ్లీ పోయాను, మళ్లీ అట్లాగే వచ్చాను.

"ఏరా, ఏమైంది నీకు? అంత ఊపిరి పెట్టుకుని ఎందుకు వచ్చేస్తున్నావు?" అని డ్రిల్లు మాస్టారు అరిచాడు. ఓడిపోవాల్సినవాళ్లమే. చివర్లో వాళ్ల ఆటగాడు మా గడి వెనక దాకా వచ్చేసరికి, శెట్టిగారబ్బాయి భయంతో కళ్లు మూసుకొని దొరికిన కాలు కావలించుకున్నాడు. ఆ పట్టుతో గెలిచేశాం. శెట్టిగారు కుర్చీలోంచి లేచి "ఒరే, వదలరా నాయనా, వదలరా!" అని అరుస్తూనే ఉన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. మా నాయన మాత్రం నవ్వలేదు.

ఇంటికి రాగానే దడి దగ్గర నన్ను నిలబెట్టి అడిగాడు.

"ఊపిరి ఉండంగనే ఎనక్కి ఎందుకొచ్చినావు?"

"అయిపోయింది నాయనా."

"ఎవరికి చెప్తాండావురా? నీ కూత యాడ తెగుతాదో నాకు తెలీదా?"

నేను నేల చూశాను. ఆయన నా వైపు చూశాడు, పొయ్యి దగ్గర తల వంచుకొని కూర్చున్న అమ్మ వైపు చూశాడు. సంగతంతా అర్థమైపోయింది. ఎంత కోపం వచ్చిందో! నాయన నన్ను ఎన్నడూ కొట్టి ఎరగడు. ఆ రోజు చేయి ఎత్తాడు. ఎత్తిన చేయి అట్లాగే ఉంచి దగ్గాడు. దగ్గు ఆగేసరికి కొట్టే ఓపిక లేక గోడకు ఆనుకున్నాడు.

"నేనేమన్నా కావాలని పెడతానా? నువ్వు గీత దాటంగనే నా నోరు దానంతటదే కదుల్తాది. ఏం చెయ్యమంటావు?" అన్నాడు మెల్లగా. తర్వాత అన్నాడు: "ఇంగ నేను రానులే. గిద్దలూరోళ్లతో ఆట నువ్వు నీ ఊపిరితో ఆడు. ఈసారి ఊపిరి మిగిలించుకొని వచ్చినావో, నాకు నీ మొగం చూపించమాక."

గిద్దలూరు వాళ్లతో ఆఖరి ఆట రోజు పొద్దున్నే ఆయన సద్దిమూట తీసుకొని ఫ్యాక్టరీ దారి పట్టాడు. నేను నిలబడి ఆయన మలుపు తిరిగేదాకా చూశాను. మైదానంలోకి దిగాక కూడా గట్టంతా వెతికాను. శెట్టిగారి గొడుగు ఒక్కటే ఉంది. గుండె తేలికపడింది. ఇప్పుడు అనుకుంటే సిగ్గేస్తుంది గానీ, తండ్రి రాలేదని ఆ రోజు నేను పడినంత సంతోషం ఏ కొడుకూ పడి ఉండడు.

గిద్దలూరు వాళ్లు దున్నల్లాంటివాళ్లు. మా వాళ్లు ఒక్కొక్కరే బయటికి పోయారు. చివరికి మా గడిలో నేనూ, వెనక మూల శెట్టిగారబ్బాయీ మిగిలాం. అవతల ముగ్గురు. డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకొని, ఊదడం మరిచిపోయి నిలబడ్డాడు. ఇదే ఆఖరి కూత.

నేను ఊపిరి పీల్చుకొని గీత దాటాను. ఈసారి ఎవరి పెదాలూ చూడాల్సిన పని లేదు. వాళ్లు ముగ్గురూ వెనక్కి తగ్గుతూ నన్ను లోపలికి రానిచ్చారు. బాగా లోపలికి పోయాక ఒకడు కాలు పట్టాడు, ఇంకొకడు నడుము, మూడోవాడు వీపు మీద పడ్డాడు. నేను బోర్లా పడ్డాను. నోట్లోకి మట్టి వచ్చింది. ఆ మట్టిలోనే కూత పెడుతున్నాను. గొంతుతో కాదు, పెదాల మీద. గీత అక్కడ ఉంది, చేయి ఇక్కడ ఉంది. మోచేతులతో పాకాను. చెవుల్లో హోరు. కళ్ల ముందు నల్లటి చుక్కలు. కొలిచి వాడుకో, కొలిచి వాడుకో అనుకుంటూ ఇంకొంచెం, ఇంకొంచెం జరిగాను. వేళ్ల కింద సున్నం తగిలింది.

ఈల మోగింది. మా వాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తబోయారు. గొడవలో శెట్టిగారు గొడుగు వదిలేసి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. తన కొడుకును పట్టించుకోలేదు, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఒరే, మీ నాయన గోడెనక ఉండాడు. నేను వచ్చేటప్పుడే చూసినా. పో, బిన్నా పో!" అని మజ్జిగ చెంబు నా చేతుల్లో పెట్టాడు. మా పల్లెవాళ్ల చేతికి ఊళ్లోవాళ్లు చెంబులు ఇచ్చే కాలం కాదది. ఆ చెంబు ఆయన మళ్లీ ఎన్నడూ అడగలేదు. అది దయతోనో మైలతోనో నాకిప్పటికీ తెలియదు.

స్కూలు గోడ వెనక కంపచెట్ల మధ్య నాయన గోడకు వీపు ఆనించి కూర్చొని ఉన్నాడు. పక్కన విప్పని సద్దిమూట. నోట్లో తువ్వాలు కుక్కుకొని ఉన్నాడు, ఆయన దగ్గు గోడ దాటి నాకు వినపడకూడదని. ముఖం నల్లబడింది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తువ్వాలు లాగేశాను. గాలి కోసం ఆయన రొమ్ము ఎగిరెగిరి పడుతుంటే నేను చెంబు పట్టుకొని ఏడుస్తూ నిలబడ్డాను. మజ్జిగ సగం ఒలికిపోయింది. ఎంతసేపటికో ఆయనకు మాట వచ్చింది.

"తాకినావా?"

గోడ వెనక ఆయనకు ఏమీ కనపడలేదు. కూత ఒక్కటే వినపడింది. తర్వాత అందరి అరుపులు. గెలిచినవాళ్ల అరుపులో, ఓడినవాళ్ల అరుపులో ఆయనకు తెలియదు.

"తాకినా నాయనా."

"నాది సగంలోనే తెగిపోయిందిరా" అన్నాడు. "మిగతాది ఊరికే ఇన్నా."

ఎందుకు అట్లా చేశావని ఆ రోజు సాయంత్రం అమ్మ ఆయనతో పోట్లాడింది, ఏడ్చింది, దేవుణ్ణి పిలిచింది. పోట్లాట అంతా అయ్యాక ఆయన చెప్పిన జవాబు నేను దడి అవతల నుంచి విన్నాను.

"వాడు నన్ను చూస్తే ఎనక్కొస్తాడు. నేను వాడి కూత ఇనకపోతే ఫ్యాక్టరీలో నాకు చెయ్యి ఆడదు. ఇంగ యాడ కూచోమంటావు నన్ను?"

నేను కర్నూలు పోయాను. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పిల్లలను పెంచాను. నా పిల్లల ఆట ఎన్నడూ చూడలేదు. ఈ వయసులో కూడా నా ఊపిరితిత్తులు గట్టిగా ఉన్నాయని డాక్టర్లు మెచ్చుకుంటారు. వాళ్లు మెచ్చుకున్నప్పుడల్లా నాకు సంతోషం రాదు, కోపం వస్తుంది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. కోత మిషను మీదనా, బెల్లం మీదనా, ఆ డాక్టరమ్మ మీదనా? అందరూ మంచివాళ్లే కదా, అదే నా కోపం.

హాస్టలు నుంచి రెండో వేసవికి వచ్చేసరికి నాయన మంచం పట్టాడు. పంచలో గాలి వచ్చే చోట మంచం వేసి, వెనక బస్తాలు పేర్చి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడదు. మాట కూడా ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఒక సాయంత్రం అమ్మ నీళ్లకు పోయింది, అవ్వ ప్రార్థనకు పోయింది. నాయన నన్ను వేలితో పిలిచాడు.

"ఒకసారి... కూత పెట్టు."

"ఇక్కడా?"

తల ఊపాడు. నాకు మీసాలు వస్తున్న వయసు, సిగ్గేసింది. మంచం పట్టె పట్టుకొని నేల మీద కూర్చొని, ఊపిరి పీల్చుకొని మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ ఆయన పెదాలు చూశాను. అవి కదలలేదు. కళ్లు మూసుకొని వింటున్నాడు. మైదానంలో అయితే గీత ఉంటుంది, తాకి ఆపేయవచ్చు. అక్కడ గీత లేదు. ఎక్కడ ఆపాలో తెలియక ఊపిరి అయిపోయేదాకా పెట్టాను. ఆగగానే ఆయన కళ్లు తెరవకుండానే ఇంకోసారి అన్నట్టు వేలు కదిలించాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను.